ఓడ పగిలి దీవికి చేరిన కుటుంబాల కథలు: ఇన్నేళ్ళయినా ఎందుకు వదలవు?

కావలి చదువరి
ఆరు రోజులు తుఫాను. ఏడో రోజు ఓడ రెండు బండల మధ్య ఇరుక్కుంటుంది. నావికులంతా పడవలెక్కి వెళ్ళిపోతారు. ఓడలో మిగిలింది అమ్మ, నాన్న, నలుగురు మగపిల్లలు, రెండు కుక్కలు, గొడ్డూ గోదా. తండ్రి పీపాలను సగానికి కోసి ఎనిమిది తొట్లు చేసి, వరసగా పలకకు బిగించి, వాటిలో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒడ్డుకు చేరుస్తాడు. 1812లో జ్యూరిచ్‌లో అచ్చయిన 'స్విస్ ఫ్యామిలీ రాబిన్సన్' మొదలయ్యేది ఇలాగే.

దీనికి దాదాపు వందేళ్ళ ముందే, 1719లో, డీఫో రాసిన 'రాబిన్సన్ క్రూసో' వచ్చింది. అందులో ఒంటరి మనిషి. ఇందులో సంసారం. నన్ను అడిగితే ఆ ఒక్క మార్పే ఈ కథకు ఇంత ఆయుష్షు ఇచ్చింది. క్రూసో కథలో నాకు గుర్తుండేది భయం. ఈ కథలో గుర్తుండేది పని. పొద్దున లేస్తే ఎవరికి ఏ పని అన్నదే కథ. ఆరేళ్ళ చిన్నోడు ఫ్రాంజ్‌కు కూడా పని ఉంటుంది, వాడు చెయ్యకపోతే నిజంగానే ఏదో ఒకటి ఆగిపోతుంది. ఇవాళ మన ఇళ్ళలో పిల్లలకు అలాంటి పని ఎక్కడుంది? చదువుకో, హోంవర్క్ చెయ్యి, టీవీ ఆపు, అంతేగా. పిల్లలు ఈ కథకు అతుక్కుపోయేది అందుకే అనిపిస్తుంది. మీరేమంటారు? ముఖ్యంగా సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళు చెప్పాలి.

ఒంగోలు వాసు
మంచి చర్చ మొదలుపెట్టారు సార్. రాసినాయన సంగతి చెబితే మీ మాటకు బలం వస్తుంది. యోహాన్ డేవిడ్ వీస్ స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో క్రైస్తవ మతబోధకుడు. సముద్రమే లేని దేశం. ఆయనకు నలుగురు కొడుకులు, కథలోనూ నలుగురే. పుస్తకం వెయ్యాలని కాదు, పిల్లలకు చెప్పడానికి అల్లిన కథ. ఒక కొడుకు బొమ్మలు గీశాడు, ఇంకో కొడుకు యోహాన్ రుడాల్ఫ్ దాన్ని సరిచేసి అచ్చుకు ఇచ్చాడు. కుటుంబం గురించిన కథను ఓ కుటుంబమే కూర్చుని తయారుచేసింది.

ఇంకో సంగతి. 1762లో తత్వవేత్త రూసో పిల్లల చదువు గురించి రాసిన తన 'ఎమీల్'లో, పిల్లవాడి చేతికి మొదట ఇవ్వాల్సిన పుస్తకం క్రూసో కథేనని రాశాడు. చేత్తో చేసి నేర్చుకోవాలి, వస్తువు విలువ అవసరంలోనే తెలుస్తుంది అన్నది ఆయన వాదన. వీస్ ఆ దారిలోనే నడిచాడు. అందుకే కథలో ప్రతి చెట్టు దగ్గరా తండ్రి ఆగి పాఠం చెబుతాడు. కొందరికి విసుగు పుడుతుంది. నాకైతే ఆ పాఠాలే ఇష్టం. తండ్రి దగ్గర అంత తీరిక ఉండడమే పెద్ద కల కదా.

మైపాడు కెరటం
మా నాయన, మా తాత అందరూ వేటకు పోయినోళ్ళే. నేను చదువుకుని ఉద్యోగంలో పడ్డాను గానీ సెలవొస్తే ఒడ్డునే ఉంటాను. సముద్రం తెలిసినోడిగా రెండు ముక్కలు చెబుతాను.

తొట్ల పడవ గురించి మొదటిసారి చదివినప్పుడు, ఇది తిరగబడుతుందే అనుకున్నా. ఆ తర్వాత పేరాలో తండ్రి రెండు పక్కలా అడ్డకర్రలు చాచి వాటి చివర ఖాళీ పీపాలు కడతాడు. అక్కడ ఆ రచయిత మీద గౌరవం కలిగింది. తొట్టి పడవ ఒరగకుండా ఉండాలంటే అదే దారి. ఆవునీ గాడిదనీ మేకల్నీ ఒడ్డుకు తేవడానికి కూడా వాటికి ఖాళీ పీపాలు కట్టి ఈదిస్తారు. అదీ జరిగే పనే.

కానీ జంతువుల దగ్గరకొచ్చేసరికి ఒప్పుకోలేను. పెంగ్విన్, కంగారూ, సింహం, ఉష్ట్రపక్షి, గాడిదను మింగేంత కొండచిలువ, అన్నీ ఒకే దీవిలో! ప్రపంచంలో అలాంటి నేల ఎక్కడా లేదు.

అంతకంటే ముఖ్యం నీళ్ళు. ఆ కుటుంబానికి దిగీ దిగగానే మంచినీళ్ళ ఏరు దొరుకుతుంది. నిజంగా సముద్రంలో పడ్డోడికి ఆకలి కంటే ముందు దాహం చంపుతుంది. సముద్రపు నీటిలో ఉప్పు నూటికి మూడున్నర పాళ్ళు. ఆ ఉప్పును బయటికి తోసెయ్యడానికి మన మూత్రపిండాలకు తాగిన నీటికంటే ఎక్కువ నీరు కావాలి. తాగినకొద్దీ ఒళ్ళు ఇంకా ఎండిపోతుంది. మా ఒడ్డున పుట్టిన ప్రతి పిల్లోడికీ ఇది నడక వచ్చేనాటికే చెబుతారు.

ఒంగోలు వాసు
కెరటం గారూ, మీ కోపం మీకంటే ముందే ఒకాయనకు వచ్చింది. బ్రిటిష్ నౌకాదళంలో కెప్టెన్‌గా చేసిన ఫ్రెడరిక్ మారియట్. పిల్లలు అడిగారని వీస్ కథకు కొనసాగింపు రాద్దామని కూర్చుని, అందులో నావికవిద్య, భూగోళం సరిగా లేవని పక్కన పెట్టేసి, 1841లో సొంతంగా 'మాస్టర్‌మన్ రెడీ' మొదలుపెట్టాడు. అందులోనూ కుటుంబమే, తోడుగా రెడీ అనే ముసలి నావికుడు. మీరన్న నీళ్ళే అక్కడ కథను మలుపు తిప్పుతాయి. శత్రువులు చుట్టుముట్టిన వేళ దాచిన పీపాలో చూస్తే నీళ్ళుండవు. అల్లరి పిల్లాడు టామీ అంతకుముందే ఖాళీ చేసేసి ఉంటాడు. నీళ్ళ కోసం బయటికి వెళ్ళిన రెడీ ఈటె దెబ్బ తిని చనిపోతాడు. పిల్లల పుస్తకంలో అలా రాయాలంటే గుండె కావాలి. సముద్రం ఎరిగినవాడు కాబట్టి రాయగలిగాడు.

కందుకూరు శ్రీలత
అందరూ తండ్రి తెలివి గురించే మాట్లాడుతున్నారు. అమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదేం?

ఓడ నుంచి దిగేటప్పుడు మగవాళ్ళు తుపాకులు, మందుగుండు, పనిముట్లు సర్దుకుంటారు. ఆమె చేతిలో ఓ సంచి. అందులో ఏముందో ఎవరికీ చెప్పదు. తర్వాత అవసరం వచ్చినప్పుడల్లా అందులోంచి సూదులు, దారం, విత్తనాలు, తిండి సరుకులు బయటికొస్తుంటాయి. పిల్లలు దాన్ని మాయసంచి అంటారు. మగవాళ్ళు బయటికి పోయినప్పుడు ఆమె కూరగాయల మడి వేస్తుంది. చెట్టు మీద ఇల్లు, ఆ పుస్తకం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే ఆ ఇల్లు, ఆమె ఆలోచనే. ఒడ్డున గుడారంలో ఎండ భరించలేక, రాత్రి నక్కల భయంతో, ఆమే తిరిగి పెద్ద చెట్లను చూసొచ్చి అక్కడికి మారదాం అంటుంది. మొగుడు మొదట కుదరదంటాడు, తర్వాత దిగొస్తాడు. కథ చెప్పేది మాత్రం ఆయన కాబట్టి పేరంతా ఆయనకే పోయింది.

ఆ సంచి నాకు కల్పనగా కనపడదు. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి మా అమ్మ మూట కట్టింది. రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పొలం పట్టా, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టె, కాసిని బియ్యం, చింతపండు, ఉప్పు, పసిపిల్లకు మారు బట్టలు. ఇంటి కప్పు పోయింది, మూట నిలిచింది. మర్నాడు బడి వరండాలో పొయ్యి వెలిగించింది ఆ అగ్గిపెట్టెతోనే. నాన్న మగ్గం తడిసిపోయిందని కూలబడి ఉన్నాడు. ఈ కథల్లో నన్ను పట్టుకునేది పోయిన ఓడ కాదు. పోయాక మర్నాడు పొద్దున ఎవరు పొయ్యి వెలిగించారు అన్నదే.

కావలి చదువరి
శ్రీలతమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను. ఆ తుఫాను నేనూ చూశాను.

చినగంజాం రవి
మా పక్క ఊరు మోటుపల్లి. 2022లో మేమంతా బాపట్ల జిల్లాలోకి వెళ్ళాం గానీ అంతకుముందు ప్రకాశం వాళ్ళమే, కాబట్టి ఈ నెల్లూరు, ప్రకాశం తీరం వాళ్ళ చర్చలో నాకూ చోటివ్వండి.

ఓడ పగలడం గురించి మాట్లాడేటప్పుడు మోటుపల్లి శాసనం చెప్పకపోతే ఎట్టా? వీరభద్రాలయంలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించాడు, అభయ శాసనం అంటారు. అందులో సారాంశం ఇది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డున పడితే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనం ఎక్కువని సముద్రానికి తెగించిన వర్తకులకు, నియమించిన సుంకం తప్ప మిగతాదంతా మేం దయతో వదిలేస్తున్నాం.

ఇది చదివాక స్విస్ కుటుంబం కథ ఇంకో రకంగా కనపడుతుంది. వాళ్ళు రోజుల తరబడి ఓడకు వెళ్ళి సామానంతా తెచ్చుకుంటారు. చివరికి మందుగుండు పెట్టి ఓడనే పేల్చి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కలప వాడుకుంటారు. ఆ సరుకంతా ఎవరిది? వేరే ఎవరో కొత్త వలస ఊరు కట్టుకోవడానికి పంపిన సామాను అది. పగిలిన ఓడ మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు మన తీరంలో ఓ రాజు ఆ పుస్తకం కంటే ఐదున్నర శతాబ్దాల ముందే రాతి మీద జవాబు చెక్కించాడు. మా ఊరి పిల్లలకు ఈ శాసనం, ఆ కథ రెండూ కలిపి చెప్పాలని నా కోరిక.

నెల్లూరు భారతి
రవి గారూ, మీ పోస్టు కాపీ చేసుకున్నాను. నేను తెలుగు సాహిత్యం వైపు నుంచి వస్తాను.

ఓడ పగిలిన కుటుంబం మన కథల్లో కొత్త కాదు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కనకు కేతన అంకితమిచ్చిన 'దశకుమార చరిత్ర' తీయండి. మూలం సంస్కృత కవి దండిది, కేతనకు అభినవదండి అన్న పేరు అందుకే. అందులో రత్నోద్భవుడు కాలయవన ద్వీపానికి వ్యాపారానికి వెళ్ళి, అక్కడి వర్తకుడి కూతురు సువృత్తను పెళ్ళాడి, గర్భిణిగా ఉన్న ఆమెతో తిరిగి వస్తుంటే ఓడ మునుగుతుంది. దాది ఆమెను ఓ పలక మీద ఒడ్డుకు చేరుస్తుంది. అడవిలో పిల్లవాడు పుడతాడు. ఏనుగు రావడంతో తల్లి ఒక దిక్కు, పిల్లవాడు ఒక దిక్కు అవుతారు. ఏళ్ళ తర్వాత ఆ కొడుకు పుష్పోద్భవుడు, కొండ మీంచి దూకబోయిన తండ్రినీ మంటల్లో పడబోయిన తల్లినీ కాపాడి కలుపుతాడు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మన కథలో సముద్రం కుటుంబాన్ని చెదరగొడుతుంది, కథ అంతా మళ్ళీ కలుసుకోవడం. వీస్ కథలో సముద్రం కుటుంబాన్ని లోకం నుంచి విడదీస్తుంది గానీ ఒకరి నుంచి ఒకరిని విడదీయదు. అందుకే అక్కడ ఏడుపు తక్కువ, వడ్రంగం ఎక్కువ. నా మటుకు నాకు మన కథలోనే సముద్రం నిజంగా ఉంది. వేటకు పోయినవాడి కోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్ళకు తెలిసిన భయం అది. కానీ పిల్లలు పదే పదే అడిగేది రెండో కథనే. ఎందుకంటే అందులో ఎవరూ తప్పిపోరు. ఈ కథ ఆయుష్షుకు నాకు తోచిన కారణం అదే. ఇల్లు పోయినా మనుషులు అందరూ ఉంటారు అన్న భరోసా.

గూడూరు నిఖిల్
నేను ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. నాకు ఆ భరోసా మరీ ఎక్కువైపోయినట్టు ఉంటుంది. ఓడ నిండా సామాను, దీవి నిండా తిండి. టెన్షన్ ఏముంది? జూల్ వెర్న్ 1874లో తెచ్చిన 'మిస్టీరియస్ ఐలాండ్' చూడండి. బెలూన్‌లో వచ్చి పడ్డవాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. రెండు గడియారాల అద్దాల మధ్య నీళ్ళు పోసి భూతద్దం చేసి నిప్పు రాజేస్తారు. కుర్రాడి జేబు లైనింగులో ఒకే ఒక్క గోధుమ గింజ దొరికితే దానితో వ్యవసాయం మొదలు. అది కదా సవాలు! కానీ అదే వెర్న్‌కు వీస్ కథ అంటే ఎంత ప్రేమంటే, 1900లో దానికి కొనసాగింపుగా ఓ నవల రాశాడు.

ఇంకో ప్రశ్న. పెద్దవాళ్ళు లేకపోతే? గోల్డింగ్ 1954లో రాసిన 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్'లో పిల్లలు ఒకర్నొకరు చంపుకునేదాకా వెళతారు. నిజం అదేనేమో?

ఒంగోలు వాసు
నిఖిల్ బాబూ, నిజంగా జరిగింది వేరే. 1965లో టోంగా దేశంలో ఆరుగురు బోర్డింగ్ స్కూలు కుర్రాళ్ళు చెప్పకుండా ఒక పడవ తీసుకుని సముద్రంలోకి పోయారు. తుఫానులో చుక్కాని, తెరచాప పోయాయి. ఎనిమిది రోజులు కొట్టుకుపోయి, మనుషుల్లేని అటా దీవిలో పడ్డారు. పదిహేను నెలలు అక్కడే. వంతులు వేసుకుని నిప్పు ఆరకుండా చూశారు. చెట్టు మొద్దులు తొలిచి వాననీళ్ళు పట్టారు. గొడవపడితే ఇద్దరూ చెరో వైపుకు పోయి కోపం తగ్గాక రావాలి, అదీ వాళ్ళ నియమం. ఒకడికి కాలు విరిగితే మిగతావాళ్ళు కట్టు కట్టి, వాడి పని తాము చేశారు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు వాళ్ళను చూసి తీసుకొచ్చాడు. రక్తసంబంధం లేకపోయినా ఆ ఆరుగురూ కుటుంబంలాగే బతికారు. నేను గోల్డింగ్‌ను గౌరవిస్తాను గానీ మా పిల్లలకు ముందు చెప్పేది ఇదే.

మైపాడు కెరటం
నిజంగా సముద్రంలో పడ్డ కుటుంబం కూడా ఒకటుంది. రాబర్ట్‌సన్ కుటుంబం. 1972 జూన్‌లో పసిఫిక్‌లో, గలపాగోస్ దాటాక, ఓర్కా తిమింగలాలు గుద్ది వాళ్ళ పడవ నిమిషాల్లో మునిగిపోయింది. తండ్రి, తల్లి, ముగ్గురు కొడుకులు, వాళ్ళతో వచ్చిన ఓ విద్యార్థి. రబ్బరు తెప్ప కొన్నాళ్ళకు పాడైపోతే ఆరుగురూ ఒక చిన్న పడవలో ఇరుక్కున్నారు. వాన నీళ్ళు, చేపలు, తాబేలు మాంసం, తాబేలు రక్తం. 38 రోజుల తర్వాత జపాన్ చేపల ఓడ వాళ్ళను ఎక్కించుకుంది. తల్లి నర్సు. పిల్లల ఒళ్ళు పట్టి, పుళ్ళు కడిగి, అందర్నీ నిలబెట్టింది ఆమే. శ్రీలతక్క చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది.

ఆ మనుషుల మీద నాకు తప్పు తోచదు. అయినా తాబేలు అనగానే మనసు చివుక్కుమంటుంది. చలికాలం చివర మన ఒడ్డుకు ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వలలో పడితే వదిలెయ్యమని మా నాయన చెప్పేవాడు.

సూళ్ళూరుపేట మల్లి
నాకు ఈ కథలో నచ్చనిది ఒకటుంది. మనుషుల్లేని దీవి. దానికి వాళ్ళు కొత్త స్విట్జర్లాండ్ అని పేరు పెట్టేసుకుంటారు. కనపడ్డ ప్రతి జంతువునీ కాల్చేస్తారు. మేం యానాదులం. మా పెద్దోళ్ళు శ్రీహరికోట అడవిలో ఉన్నోళ్ళు. అక్కడ రాకెట్ కేంద్రం రాకముందు మావాళ్ళకు తేనె ఎక్కడ పడుతుందో, ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలో, ఏ ఆకు దేనికి మందో తెలుసు. పులికాట్ సరస్సులో ఇరకం దీవికి ఇప్పుడూ పడవ మీదే పోవాలి, అక్కడ సంసారాలు ఉన్నాయి. దీవి అంటే ఎవరో ఒడ్డుకు కొట్టుకొచ్చి కనిపెట్టే చోటు కాదు. అక్కడ ముందే తెలిసినోళ్ళు ఉంటారు. ఆ తండ్రి ఓడలోని పుస్తకాలు చూసి పిల్లలకు చెప్పినవన్నీ మా అవ్వ చెట్టు చూసి చెప్పేది. ఆమె గురించి అలాంటి కథ ఎవరైనా రాస్తే నేను కొనుక్కుని మా కాలనీ పిల్లలందరికీ చదివి వినిపిస్తాను.

నెల్లూరు భారతి
మల్లీ, ఆ కథ నువ్వే రాయి తల్లీ. అవ్వ చెప్పినవి గుర్తున్నంతవరకు ఫోన్‌లో మాటగా రికార్డు చేసి పంపినా చాలు, రాతలో పెట్టడానికి నేను కూర్చుంటాను. పేరు నీదే ఉండాలి. నువ్వన్నది పూర్తిగా నిజం. ఈ పుస్తకాలు వచ్చిన కాలంలో యూరప్ దేశాలు కనపడ్డ తీరమల్లా తమదేనని జెండాలు పాతుతున్నాయి. కథ చివర ఓడ వచ్చాక కూడా ఆ తల్లిదండ్రులు, ఇద్దరు కొడుకులు దీవి వదలరు. చిన్నప్పుడు అది నాకు అందంగా అనిపించేది. ఇప్పుడు అందంతో పాటు నీ ప్రశ్న కూడా అడగాలి.

కొత్తపట్నం టీచర్
చర్చ మొత్తం చదివాను. వేసవి సెలవుల్లో మా బడి పిల్లలకు ఈ కథ చెప్పి, ఒడ్డున ఓ రోజంతా పనులు చేయించాలని ఉంది. ఓడలో నుంచి పది వస్తువులే తెచ్చుకోవచ్చంటే ఏమేం తెస్తారని గుంపులుగా వాదించుకోమంటాను. శ్రీలత గారి అమ్మ మూట గురించి చెబుతాను, మీరు ఒప్పుకుంటే. ఇంకేం చేయిస్తే బాగుంటుంది?

కందుకూరు శ్రీలత
తప్పకుండా చెప్పండి టీచర్ గారూ. ఆడపిల్లల చేతికి తాడు, కత్తి ఇవ్వండి. మగపిల్లలతో పొయ్యి వెలిగించి అన్నం వండించండి.

మైపాడు కెరటం
టీచరమ్మా, దొరువు తవ్వించండి, అదే, ఇసుకలో తవ్వే మంచినీళ్ళ గుంట. మన తీరంలో నారుమళ్ళకు, కూరగాయలకు కుండలతో తోడి పోసేది ఈ దొరువుల్లోంచే కదా. అలలకు బాగా వెనక, సర్వితోపు పక్కన, ఇసుక దిబ్బ దిగువన చోటు చూడండి. వాన నీరు ఇసుకలో ఇంకి, తేలిక కాబట్టి కింది ఉప్పునీటి మీద పొరగా నిలుస్తుంది. చెమ్మ తగిలాక నెమ్మదిగా తవ్వండి, నీరు ఊరగానే ఆపెయ్యండి. ఇంకా లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. చిన్న చెంబుతో కొంచెం కొంచెంగా తోడాలి, గబగబా తోడితే కింది ఉప్పునీరు పైకొస్తుంది. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు వేసి, పైపొర నీళ్ళు మాత్రమే లాగే పద్ధతి చేశారు. దాని వెనకున్న లెక్కా ఇదే. పిల్లల్ని నాలిక మీద రెండు చుక్కలు వేసుకుని రుచి చూడమనండి, తాగించొద్దు. పక్కలు ఊడిపడతాయి, అందుకని గుంట మోకాలి లోతు దాటనివ్వకండి, పని అయ్యాక పూడ్చేయించండి. అలల్లోకి మాత్రం ఎవర్నీ దింపకండి. వచ్చే రోజు ముందే చెబితే మా తమ్ముడు, ఇంకో ఇద్దరు ఈత వచ్చినోళ్ళను తీసుకుని నేనే వస్తాను.